మొండికేసిన మోటారు సైకిలు: విప్పకముందు అడగవలసిన ప్రశ్నలు

(హోసూరులో జరిగిన వార్డు పౌరుల సభలో ఒక ద్విచక్ర వాహన మెకానిక్ చేసిన ప్రసంగ పాఠం)



నాకు ముందు మాట్లాడిన పెద్దలు తాగునీటిని గురించి, చెత్తను ఇంటివద్దనే వేరుచేయవలసిన అవసరాన్ని గురించి వివరించారు. తరువాతి ప్రసంగం మోటారు సైకిలు మీద అనగానే వెనుక వరుసలలో కొందరు నవ్వుకోవడం నాకు కనిపించింది. అందులో తప్పేమీ లేదు. అయితే మార్గశిర మాసపు చలిలో, తెల్లవారకముందే మొదటి షిఫ్టుకు బయలుదేరిన మనిషి ఇంటి ముందు ముప్పై మార్లు కిక్కు కొట్టి, ఆయాసంతో కాసేపు అరుగు మీద కూలబడి, చివరకు బండిని తోసుకుంటూ సందు మలుపు తిరగడం చూడనివారు ఈ సభలో ఉండరు. కర్మాగారపు గేటు ఎవరికోసమూ ఆగదు. ఆలస్యమైతే అరపూట జీతం పోతుంది. పూల మూటతో మార్కెట్టుకు బయలుదేరిన రైతు కష్టం ఇంకా ఎక్కువ. పొద్దెక్కిన తరువాత పువ్వుకు ధర పలకదు. కనుక ఇది ఇంటి జమాఖర్చులకు సంబంధించిన విషయం. అటువంటి విషయం పౌరసభలో మాట్లాడదగినదేనని నా నమ్మకం.

మన ఊరికీ ద్విచక్ర వాహనానికీ గల బంధుత్వం నేటిది కాదు. ఇద్దరు కూర్చొని పోగల మోపెడు 1980లో మన హోసూరు కర్మాగారం నుండే బయటికి వచ్చింది. బండి విప్పడం, బిగించడం తెలిసిన చేతులు ఈ ఊరిలో ఇంటింటా ఉన్నాయి. అయినా విప్పడం తెలిసినంతగా, విప్పడానికి ముందు ఏమి చూడాలో, ఏమి అడగాలో మనకు తెలియదు. ఆ తెలియకపోవడం వల్ల ఎందరి డబ్బు వృథా అవుతున్నదో నేను ఇన్నేళ్లుగా నా దుకాణంలో చూస్తున్నాను. ఆ వృథాలో నా వంతు పాపం కూడా కొంత ఉన్నది. దానిని కూడా ఈ సభలో ఒప్పుకుంటాను.

ఏ బండ్లను గురించి ఈ మాటలు

2020 ఏప్రిల్ 1 నుండి మన దేశంలో భారత్ స్టేజ్ 6 కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. ఆ తరువాత తయారైన మోటారు సైకిళ్లలో చాలావరకు పెట్రోలును ఎలక్ట్రానిక్ పరికరం కొలిచి చిమ్ముతుంది. అంతకు ముందటి బండ్లలో అత్యధిక భాగం కార్బురేటరు గలవి. మన వీధులలో తిరిగే పాత స్ప్లెండర్లు, పాత పల్సర్లు, వెనుకటి బుల్లెట్లు ఈ కోవకు చెందినవే. కొత్త బండి కొనే స్తోమత లేని ఇళ్లలో, తండ్రి వాడిన బండిని కొడుకు నడుపుకుంటున్న ఇళ్లలో అవి నేటికీ కుటుంబాలను మోస్తున్నాయి. వాటిలో ఒక సుగుణం ఉన్నది. లోపల ఏమి జరుగుతున్నదో కంటితో చూడవచ్చు, చేతితో తాకవచ్చు, ఇంటి ముందు నిలబడి పరీక్షించవచ్చు.

కార్బురేటరు చేసే పని సులభంగా అర్థమయ్యేదే. ఇంజను గాలిని పీల్చినప్పుడు ఆ గాలి ఒక ఇరుకు గొంతు గుండా వేగంగా పోతుంది. అక్కడ పీడనం తగ్గుతుంది. కింద చిన్న గిన్నెలో నిలిచి ఉన్న పెట్రోలు సన్నని జెట్టు గుండా పైకి వచ్చి తుంపరగా గాలిలో కలుస్తుంది. గిన్నెలో తేలియాడే ఫ్లోటు పెట్రోలు మట్టం పెరగకుండా, తరగకుండా కాపాడుతుంది. పూర్తిగా మండడానికి 1 పాలు పెట్రోలుకు బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. అయితే ఇంజను చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు సరిగా ఆవిరి కాక, గోడలకు తడిగా అంటుకుంటుంది. మండడానికి తగినంత ఆవిరి దక్కాలంటే ఆ సమయంలో పెట్రోలు పాలు పెంచాలి. చోక్ అనేది అందుకే ఉన్నది. మన ఊరు సముద్ర మట్టానికి సుమారు 3000 అడుగుల ఎత్తున ఉన్నది. మైదానంలో ఒక్క కిక్కుకు లేచే బండి ఇక్కడి మార్గశిర, పుష్య మాసాలలో మొండికేయడానికి సగం కారణం ఈ చలే.

నేను వినని మాట

నేను దుకాణం పెట్టిన కొత్తలో బాగలూరు వైపు నుండి గులాబీలు, చామంతులు తెచ్చే ఒక పెద్దాయన తన బండిని నా దగ్గరకు తోసుకుంటూ వచ్చారు. బండి ఇంటివద్ద బాగానే స్టార్టవుతుంది. కొన్ని కిలోమీటర్లు నడిచాక దారిలో ఆగిపోతుంది. ఆ తరువాత ఎన్ని కిక్కులు కొట్టినా లేవదు. నేను ప్లగ్గు మార్చి పంపాను. మూడు రోజులకు మళ్లీ వచ్చారు. కాయిలు మార్చాను. మళ్లీ వచ్చారు. కార్బురేటరు విప్పి జెట్లు, వాషర్లు అన్నీ కొత్తవి వేశాను. ప్రతిసారీ ఆయన నడుముకు కట్టిన సంచి విప్పి డబ్బు లెక్కపెట్టి ఇచ్చారు.

ప్రతిసారీ ఒక మాట కూడా చెప్పారు. "నాయనా, పెట్రోలు ఉందో లేదోనని మూత తీసి చూస్తే, ఆ తరువాత ఒక్క కిక్కుకే లేస్తోంది. ట్యాంకు నిండా కొట్టించిన రోజే మరీ సతాయిస్తోంది" అన్నారు. నేను "సరే మామా, చూస్తానులే" అన్నాను. పానా చేతిలో ఉన్నవాడికి ఎదుటివాడి మాట వినిపించదు.

నాలుగవ పర్యాయం ఆయన పూల మూటతో సహా వచ్చారు. అప్పటికే ఎండ ఎక్కింది. ఇక ఏమి మార్చాలో నాకు తోచక, ఊరకే ట్యాంకు మూత తిప్పాను. లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు 'సుయ్'మని వినిపించింది. ఆ క్షణంలో ఆయన చెప్పిన మాటలన్నీ నాకు అర్థమయ్యాయి. ట్యాంకులోని పెట్రోలు కిందికి దిగుతున్న కొద్దీ ఆ చోటులోకి గాలి రావాలి. అందుకోసం మూతలో సన్నని రంధ్రం ఉంటుంది. బండిని తుడిచే పాలిషు, దుమ్ము కలిసి గట్టిపడి ఆ రంధ్రం మూసుకుపోయింది. గాలి రానప్పుడు లోపల పీడనం తగ్గి, పెట్రోలు దిగడం ఆగిపోతుంది. మూత తీస్తే గాలి వస్తుంది, బండి లేస్తుంది. ట్యాంకు నిండుగా ఉంటే లోపల గాలికి ఉన్న చోటు తక్కువ. కనుక ఆ రోజు మరింత త్వరగా ఆగుతుంది. రంధ్రం శుభ్రపరచడానికి పావుగంట పట్టింది. ఖర్చు ఏమీ కాలేదు.

నేను తీసుకున్న కూలి మొత్తం ఆయనకు తిరిగి ఇచ్చాను. ఆయన తీసుకొని లెక్కపెట్టి సంచిలో వేసుకున్నారు. పూల మూట వైపు చూసి, "వాడిన పూలకు ఎవరిస్తారు నాయనా" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. కోపపడి ఉంటే నేను ఈపాటికి మరచిపోయి ఉండేవాడిని.

మొదటి ప్రశ్న: ఎప్పుడు?

ఆనాటి నుండి ఏ బండి వచ్చినా నేను పానా తీయకముందు ఒక ప్రశ్న అడుగుతాను. ఎప్పుడు స్టార్టు కావడం లేదు? దీనికి వచ్చే జవాబును బట్టి దారి చాలావరకు తెలిసిపోతుంది.

రాత్రంతా నిలిపిన తరువాత, ఉదయపు చలిలో మాత్రమే మొండికేస్తే చోక్ సరిగా పనిచేయడం లేదని, లేదా మందగతిలో పెట్రోలు అందించే పైలట్ జెట్టు మూసుకుపోయిందని అనుమానించాలి. బాగా నడిచి వేడెక్కిన తరువాత ఆపి, వెంటనే లేపబోతే లేవకపోతే కార్బురేటరులో పెట్రోలు పొంగుతూ ఉండవచ్చు, లేదా కాయిలు వంటి విద్యుత్ భాగాలు వేడికి బలహీనపడుతూ ఉండవచ్చు. వాన తరువాత, బండి కడిగిన తరువాత మాత్రమే ఈ తంటా వస్తే ప్లగ్గు క్యాపును, ఆ తీగను, ట్యాంకులోకి చేరిన నీటిని చూడాలి. నెలల తరబడి మూలన పెట్టిన తరువాత అయితే పాత పెట్రోలు ఆరిపోయి జెట్టులో జిగురు కట్టి ఉంటుంది. దారిలో ఆగి, మూత తీస్తే లేస్తే, ఆ పెద్దాయన కథే.

విప్పకముందు చూడవలసినవి

ఇవి చెబితే చిన్నపిల్లలకు చెప్పినట్లు ఉంటుంది. అయినా చెబుతాను, ఎందుకంటే తోసుకుంటూ తెచ్చిన బండ్లలో కొన్నింటిని నేను ఒక మీట నొక్కి లేపి పంపాను. హ్యాండిలు మీది ఎర్ర మీట ఆపివేసిన స్థితిలో ఉన్నదేమో చూడాలి. పిల్లలు ఆడుకుంటూ దానిని నొక్కుతారు. పెట్రోలు కాక్ తెరిచి ఉన్నదా, రిజర్వులోకి తిప్పవలసిన సమయం వచ్చిందా చూడాలి. బండిని కాస్త ఊపి ట్యాంకులో చప్పుడు వినాలి. కొన్ని బండ్లలో సైడ్ స్టాండు తీయకపోతే, మరికొన్నింటిలో గేరు న్యూట్రలులో లేకపోతే స్టార్టరు పనిచేయదు.

తరువాత లేపే పద్ధతి. ఇంజను చల్లగా ఉంటే చోక్ పూర్తిగా వేసి, యాక్సిలరేటరును తాకకుండా కిక్కు కొట్టాలి. చాలామంది భయం కొద్దీ యాక్సిలరేటరును తిప్పుతూ కొడతారు. అలా తిప్పితే గాలి ఎక్కువగా దూరి చోక్ చేసే మేలు పోతుంది. ఇంజను లేచాక ఒకటి రెండు నిమిషాలలో, నిలకడగా తిరుగుతున్నదని తెలియగానే చోక్ తీసివేయాలి. చోక్‌తోనే పని దాకా పోతే ప్లగ్గు మసిబారి, మరునాటి ఉదయం మళ్లీ ఇదే తంటా వస్తుంది. ఎక్కువసార్లు కొట్టి పెట్రోలు వాసన గుప్పున వస్తుంటే, లోపల తడిసిపోయిందని అర్థం. అప్పుడు చోక్ తీసి, యాక్సిలరేటరును పూర్తిగా తిప్పి పట్టుకొని ఏడెనిమిది మార్లు కొట్టాలి. అదనపు పెట్రోలు బయటికి పోతుంది.

రెండవ ప్రశ్న: పెట్రోలు అందుతున్నదా?

కార్బురేటరు గిన్నె అడుగున ఒక చిన్న స్క్రూ, దాని కింద ఒక సన్నని గొట్టం ఉంటాయి. గొట్టం కొసను పారదర్శకమైన సీసాలో పెట్టి, కాక్ తెరిచి, స్క్రూను కొద్దిగా వదులు చేయాలి. ధార నిలకడగా వస్తే గిన్నె వరకు దారి బాగున్నది. కొంత వచ్చి ఆగితే ట్యాంకు మూత, కాక్, ఫిల్టరు చూడాలి. మూత తీయగానే ధార పుంజుకుంటే జవాబు దొరికినట్లే.

సీసాను అయిదు నిమిషాలు కదపకుండా ఉంచి వెలుతురుకు పట్టి చూడండి. అడుగున వేరు పొరగా గాని, బిందువులుగా గాని ఏదైనా నిలిస్తే అది నీరు. ఈ విషయంలో ఇప్పుడు అదనపు జాగ్రత్త అవసరం. 2023 నుండి 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు బంకులలోకి రావడం ఆరంభమైంది. ఇథనాల్‌కు నీటిని పీల్చుకునే గుణం ఉన్నది. నీరు ఒక హద్దు దాటితే ఇథనాల్‌తో కలిసి పెట్రోలు నుండి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతుంది. కాక్ తీసుకునేది ఆ అడుగు నుండే. కనుక నెల రోజులకు పైగా బండిని నిలపవలసి వస్తే కాక్ మూసి, గిన్నెలోని పెట్రోలును తీసివేయడం మేలు. అలా చేయని బండ్లలో పైలట్ జెట్టు మూసుకుపోతుంది. దాని రంధ్రం మిల్లీమీటరులో సగం కూడా ఉండదు. దానిని గుండుసూదితో గాని, తీగతో గాని పొడవకూడదు. మెత్తని ఇత్తడిలో రంధ్రం పెద్దదై, ఆ కొలత మళ్లీ రాదు. కార్బురేటరు క్లీనరులో నానబెట్టి, గాలితో ఊది, వెలుతురుకు పట్టి గుండ్రని చుక్క కనబడేదాకా చూడాలి. పక్కనున్న మిశ్రమం స్క్రూను తీయవలసి వస్తే, ముందుగా దానిని మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆగిందో కాగితం మీద రాసుకోండి. బిగించేటప్పుడు అన్ని చుట్లే వెనక్కి తిప్పండి.

మూడవ ప్రశ్న: నిప్పు పడుతున్నదా?

ప్లగ్గు విప్పి చూస్తే అది తన సంగతి తానే చెబుతుంది. పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు. తడిగా ఉంటే పెట్రోలు వస్తున్నది, నిప్పు పడటం లేదు లేదా పెట్రోలు మితిమీరింది. పొడి మసి పట్టి ఉంటే చోక్ ఇరుక్కున్నదేమో, గాలి ఫిల్టరు మూసుకుపోయిందేమో చూడాలి. జిడ్డుతో నల్లగా ఉంటే ఇంజను ఆయిలు మండుతున్నది. లేత గోధుమ రంగులో ఉంటే ఆరోగ్యంగా ఉన్నది. కొనల మధ్య సందు చాలా చిన్న బండ్లకు 0.6 నుండి 0.7 మిల్లీమీటర్లు ఉంటుంది. మీ బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే ప్రమాణం.

నిప్పును పరీక్షించేటప్పుడు ప్లగ్గును క్యాపులో పెట్టి, దాని లోహపు భాగాన్ని ఇంజనుకు గట్టిగా ఆనించి కిక్కు కొట్టాలి. ప్లగ్గు తీసిన రంధ్రానికి దూరంగా ఆనించాలి, ఎందుకంటే అక్కడ నుండి పెట్రోలు ఆవిరి వస్తుంది. చేతితో లోహాన్ని పట్టుకోరాదు. ప్లగ్గును దేనికీ ఆనించకుండా గాలిలో వదిలి కొట్టడం కూడా మంచిది కాదు, విద్యుత్ భాగాలు చెడిపోవచ్చు. నీలి రంగులో చిటుక్కుమనే నిప్పు పడితే సరి. పసుపుగా, నీరసంగా ఉంటే ముందుగా కొత్త ప్లగ్గుతో చూడాలి. అప్పటికీ మారకపోతే క్యాపును తిప్పి తీసి, తీగ కొస పచ్చబారి ఉన్నదేమో చూడాలి. తీగ తగినంత పొడవుంటే కొసను అర సెంటీమీటరు కోసి క్యాపును మళ్లీ బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది. వానాకాలపు అనుమానానికి ఒక మంచి పరీక్ష ఉన్నది. చీకటిలో ఇంజనును నడిపించి తీగ వైపు చూడండి. పగుళ్లు ఉన్నచోట సన్నని నీలి మెరుపులు కనిపిస్తాయి. తీగను తాకకండి.

నాలుగవ ప్రశ్న: గాలి, బిగువు సరిగా ఉన్నాయా?

పెట్రోలు, నిప్పు రెండూ ఉన్నా బండి లేవకపోతే గాలిని చూడాలి. ఫిల్టరు దుమ్ముతో నిండితే పెట్రోలు పాలు పెరుగుతుంది. ఇందుకు విరుద్ధంగా, కార్బురేటరుకూ ఇంజనుకూ మధ్యనున్న రబ్బరు జాయింటు పగిలితే లెక్కలో లేని గాలి దూరుతుంది. అటువంటి బండి లేచినా నిలకడగా తిరగదు. యాక్సిలరేటరును వదిలినా ఇంజను వేగం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఇంజను చల్లారాక రబ్బరును వంచి, మడతలలో చీలికలు వెతకాలి. దాని మీద పెట్రోలు చల్లి పరీక్షించేవారిని చూశాను. అది ప్రాణాంతకం.

చివరిది ఇంజను బిగువు, అంటే కంప్రెషను. తాళం ఆపి, కిక్కు రాడ్డును మెల్లగా తొక్కండి. ఒక చోట గట్టిగా ఎదురు తిరగాలి. నీళ్లలో కాలు దిగినట్లు జారిపోతే వాల్వులనో, పిస్టను రింగులనో చూడాలి. ఇక్కడ మన వాళ్లలో ఒక పొరపాటు అభిప్రాయం ఉన్నది. ట్యాపెట్ల చప్పుడు లేని బండి మంచిదని అందరూ అనుకుంటారు. కొన్ని చిన్న ఇంజనులలో ఉండవలసిన సందు 0.05 మిల్లీమీటర్లు మాత్రమే. చప్పుడు పోవాలని దానిని ఇంకా బిగిస్తే వాల్వు పూర్తిగా మూసుకోదు, బిగువు జారిపోతుంది. బండి నిశ్శబ్దంగా ఉంటుంది, ఉదయం మాత్రం లేవదు. ఈ సందును ఇంజను చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. చేతి అలవాటు లేనివారు ఈ పనిని మెకానిక్‌కే వదలాలి.

ఈ నాలుగు ప్రశ్నలను ఈ వరుసలోనే అడగండి. ఒక్కసారికి ఒక్కదానినే మార్చి చూడండి. మూడు వస్తువులను ఒకేసారి మార్చితే బండి లేవవచ్చు, కాని దేనివల్ల లేచిందో ఎన్నటికీ తెలియదు. రెండు వస్తువుల డబ్బు ఊరకే పోతుంది.

ఇరుగుపొరుగు గురించి

ఇది పౌరసభ కనుక మూడు విన్నపాలు. మొదటిది, సీసాలోకి తీసిన పెట్రోలును వీధి కాలువలో పారబోయకండి. దాని ఆవిరి గాలికంటె బరువైనది, కాలువలోనే నిలుస్తుంది. ఎవరో ఆర్పని బీడీ పడవేస్తే చాలు. మూత గట్టిగా ఉన్న డబ్బాలో వేసి, పనికిరాని ఆయిలు సేకరించే దుకాణానికి ఇవ్వండి. రెండవది, మెట్ల కిందనో, తలుపులు మూసిన గదిలోనో ఇంజనును నడిపించి పరీక్షించకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. మూడవది, దీపం, సిగరెట్టు, పొయ్యి ఉన్నచోట కార్బురేటరును విప్పకండి. పిల్లలను దూరంగా ఉంచండి.

ఒక చీటీ

నా దుకాణానికి వచ్చేవారు తెలుగులో, తమిళంలో, కన్నడంలో మాట్లాడతారు. "బండి స్టార్టు కావడం లేదు" అనే వాక్యం మూడు భాషలలోనూ విన్నాను. మూడు భాషలలోనూ ఆ వాక్యం మెకానిక్‌కు ఏమీ చెప్పదు. మీరు మీ భాషలోనే చెప్పండి, కాని వివరంగా చెప్పండి. ఉదయమా, వేడెక్కాకనా, వాన తరువాతనా? చోక్ వేస్తే తేడా ఉన్నదా? ట్యాంకులో ఎంత పెట్రోలు ఉన్నప్పుడు? చివరగా ఏ వస్తువు మార్చారు, ఎన్నడు మార్చారు? ఇవి ఒక చీటీ మీద రాసి బండి కాగితాలతో పాటు ఉంచుకోండి. చదువురానివారు ఇంట్లో బడికి పోయే పిల్లలతో రాయించుకోండి. ఆ చీటీ చేతికి ఇస్తే మంచి మెకానిక్ సంతోషిస్తాడు. దానిని చదవకుండానే కొత్త వస్తువు కొనమన్న మెకానిక్‌ను మాత్రం ఒకసారి ఆగమని అడగండి. అడిగే హక్కు మీకున్నది.

నా తోటి మెకానిక్ సోదరులు కొందరు ఈ సభలో ఉన్నారు. వారికి నేను చెప్పగలిగినది ఒక్కటే. బండిని రోజూ నడిపేవాడికి యంత్రం పేర్లు తెలియకపోవచ్చు. కాని అది ఎక్కడ ఆగుతున్నదో, ఎట్లా లేస్తున్నదో వాడికి తెలిసినంతగా మనకు తెలియదు. నా దుకాణంలో గోడకు ఇప్పటికీ ఒక పాత ట్యాంకు మూత వేలాడుతూ ఉంటుంది. ఆ పెద్దాయన బండిని అమ్మివేసేటప్పుడు అడిగి తీసుకున్నాను. ఎవరైనా బండి తోసుకుంటూ వచ్చి చెప్పడం మొదలుపెడితే, నేను ముందుగా పానాను కింద పెడతాను.